ఇంకోసారి అడుగు అక్కా

సుబేదారి, హనుమకొండ
ఆదివారం మధ్యాహ్నం

రజితక్కకు,

నీ చెల్లె లావణ్య దండం పెట్టి రాస్తున్నది. బావ, చిన్ని, అత్తమ్మ ఎలా ఉన్నారు? అత్తమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నాట్లు అయిపోయాయా, ఇంకా బురదలోనే ఉన్నారా? ఉత్తరం ఇంటికి కాకుండా నువ్వు వంట చేసే బడికి ఎందుకొచ్చిందా అని ఈపాటికి నీకు గుండె దడ మొదలై ఉంటుంది. పిల్లలకు అన్నం పెట్టి, గిన్నెలు కడిగి, ఒక్కదానివే కూర్చున్నాక చదువు. నాకేం కాలేదు. ముందే చెబుతున్నాను, నాకేం కాలేదు.

చీరల షాపులో పని అలవాటైంది. పొద్దంతా నిలబడే ఉండాలి. ఎవరూ లేరని జర కూర్చుంటే సేటు కెమెరాలో చూసి కేకేస్తాడు. ఒక్కొక్కరికి గుట్టలకొద్దీ చీరలు విప్పి చూపించాలి, వాళ్లు కొనకుండా లేచిపోయినా నవ్వుతూనే మడతపెట్టాలి. ఇక్కడా వాన ఆగడం లేదు. హాస్టల్ పప్పులో పప్పు వెతుక్కోవాలి. నీ పచ్చిపులుసు గుర్తొచ్చి ఒకరోజు పళ్లెం ముందే ఏడుపొచ్చింది. ఎవరైనా ఇటు వస్తే కొంచెం మామిడికాయ తొక్కు పంపు.

ఇక అసలు సంగతి. ఎలా రాయాలో తెలియక ఇంతసేపు పప్పు గురించి రాశాను.

అక్కా, కొన్నాళ్లుగా నాకు బతకాలని అనిపించడం లేదు. నిద్ర సరిగ్గా పట్టదు. పొద్దున లేవగానే ఇంకో రోజు గడపాలా అని భయం. నేను లేకపోతే ఎవరికీ ఏ లోటూ ఉండదని ఒక ఆలోచన వస్తుంది. చీర మడతపెడుతుంటే వస్తుంది, ఆటోలో కూర్చుంటే వస్తుంది. ఎందుకని అడిగితే ఇదీ అని చెప్పలేను. ఆ ఆలోచన అంటే నాకు చాలా భయం. అది నా మాట వినదేమోనని భయం.

నాతో గదిలో ఉండే అనూష నర్సింగు చదువుతోంది. తనే కనిపెట్టింది. "ఏందే, తల దువ్వుకుంటలేవు, అన్నం తింటలేవు. నువ్వు మంచిగ లేవు" అని నా ఫోన్లో ఒక యాప్ వేసింది. మనసు బాగోలేని పిల్లల కోసమేనట, తెలుగులోనే ఉంది. రోజూ సాయంత్రం ఎలా ఉన్నావని అడుగుతుంది. నవ్వే బొమ్మ, ఏడ్చే బొమ్మ ఉంటాయి, ఒకటి నొక్కాలి.

నేనేం చేశానో తెలుసా? రోజూ నవ్వే బొమ్మే నొక్కాను. మనింట్లో ఎవరు ఎట్లున్నవన్నా మంచిగున్న అనే కదా అంటాం. జ్వరంతో పడుకున్నా అదే, చావింటి నుంచి వచ్చినా అదే. ఫోనుకూ అదే చెప్పాను. అది నమ్మింది. చాలా సంతోషం అని రోజూ ఒక పువ్వు చూపించింది. ఆ పువ్వులు చూస్తుంటే ఇంకా భయం వేసేది. నా సంగతి ఇక ఎవరికీ తెలియదు అనిపించేది.

ఒక సాయంత్రం షాపు నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా ఏడ్చే బొమ్మ నొక్కాను. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని అది సూటిగా అడిగింది. ఫోను మంచం మీద పడేశాను. అవునంటే ఎవరికి చెబుతుంది? పోలీసులకా, సేటుకా? రేపు మన ఊరు పాలంపేటంతా తెలిసి, మీరు నలుగురిలో తల ఎత్తుకోలేరేమో అనుకున్నాను. చాలాసేపటికి అవును అని నొక్కాను. మా వాళ్లతో మాట్లాడతావా అంది. అదీ నొక్కాను.

ఒక మేడం ఫోన్ చేసింది. ఆమె తిట్టలేదు, నీతులు చెప్పలేదు. "భయపడకు చెల్లె. నీ పక్కన ఎవరన్న ఉన్నరా? నీ దోస్తును పిలువు, నేను లైన్లనే ఉంట" అంది. అనూష వచ్చి నా చెయ్యి పట్టుకునేదాకా ఫోన్ పెట్టలేదు. మర్నాడు అనూష నన్ను దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ నెమ్మదిగా అన్నీ అడిగింది, మాత్రలు రాసింది. ఇది తగ్గే జబ్బేనంది. మళ్లీ రమ్మంది, పోతున్నాను. కొంచెం నిద్ర పడుతోంది. ఆలోచన మాత్రం పూర్తిగా పోలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఆ యాప్‌లో ఇంకోటి ఉంది. ఆలోచన ముదిరితే ఎర్ర బటన్ నొక్కాలి. వెంటనే మన మనిషికి మెసేజ్ పోతుంది. ఆ మనిషి ఎవరని అడిగితే ఏమీ ఆలోచించకుండా నీ పేరు, నంబరు పెట్టేశాను. తర్వాత గుర్తొచ్చింది, అది నీ ఒక్కదాని నంబరు కాదు, మీ ఇంటందరి నంబరు. పొద్దంతా బావ జేబులో ఉంటుంది. మెసేజ్ వస్తే బావ చదవడు. "చిన్నీ, ఏమొచ్చిందో సదువు బిడ్డా" అంటాడు. అది బళ్లో పాఠం చదివినట్టు గొంతెత్తి చదువుతుంది. గ్యాస్ బండ మెసేజ్ చాయ్ హోటల్లో అందరికీ వినిపించింది గుర్తుందా? నా మెసేజ్ కూడా ఆ పిల్ల అలాగే చదివితే? వెంటనే యాప్ తెరిచి నీ పేరు తీసేశాను.

ఆ మేడం మళ్లీ ఫోన్ చేసినప్పుడు ఇది చెబితే, "అక్కకు చెప్పినవా, ఆమె పేరు పెట్టినవని?" అంది. లేదన్నాను. "తెల్వకుంటే ఆమె ఎట్ల అందుకుంటది? ముందు ఆమెను అడుగు" అంది. అందుకే ఈ ఉత్తరం.

ఇప్పుడు ఆ చోట అనూష పేరుంది. పరీక్షలు కాగానే తను వాళ్ల ఊరికి పోతుంది. ఆ తర్వాత ఈ గదిలో నేనొక్కదాన్నే. దానికే ఎక్కువ భయపడుతున్నాను.

నీ పేరు పెట్టనా అక్కా? మెసేజ్ మనమే రాసుకోవచ్చట. "అక్కా, ఫోన్ చెయ్" అని మాత్రమే రాస్తాను. చిన్ని ఊరంతా వినేలా చదివినా ఏం కాదు. అర్థం నీకొక్కదానికే తెలుస్తుంది. బావకు చెబుతావో లేదో నీ ఇష్టం. చెబితే, ఆ మెసేజ్ రాగానే ఎక్కడున్నా ఫోన్ నీ చేతికి తెచ్చివ్వమను. కోపం చేయొద్దను. నువ్వు కూడా చేయకు. ఏడవకు. వెంటనే బస్సెక్కి రాకు, నాట్లు కానివ్వు. లేదు, రాగలిగితే రా.

అత్తమ్మకు, బావకు నా దండాలు. చిన్నికి ముద్దులు. నువ్వు మాత్రం నన్ను చల్లగా బతకమని మనసులో ఒకసారి అనుకో.

ఈ ఉత్తరం చదివాక ఫోన్ చేస్తావు. ఎప్పటిలాగే "ఎట్లున్నవే?" అంటావు. నా నోటికి అలవాటు కదా, మంచిగున్న అనే వస్తుంది. అప్పుడు ఫోన్ పెట్టేయకు అక్కా. ఇంకోసారి అడుగు.

నీ చెల్లె,
లావణ్య