చల్లటి ఇంజను చప్పుడు

బుధవారం, రాత్రి

ఉదయం నాన్న లారీ స్టార్ట్ చేయగానే ఇంజన్లోంచి ఆ గలగల మళ్ళీ వినిపించింది. ఇదివరకు మూడు లెక్కపెట్టేలోగా ఆగేది. ఇవాళ తొమ్మిది దాకా లెక్కపెట్టాను. ఇంజను లోపల తిరిగే టైమింగ్ చైన్ సాగిపోతే మొదట ఇలాగే తెలుస్తుందని బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంది. మా ఇంట్లో ఆ పుస్తకం చదవగలిగేది నేనొక్కదాన్నే.

"చైన్ మార్పించెయ్ నాన్నా. చింతపల్లి ఘాట్‌లో తెగితే ఏటి సేస్తావు?" అన్నాను.

"సలికి అలాగే అంటాదే. మెకానిక్ రాజు ఇని, బాగుందన్నాడు. నీ పుస్తకం ఎప్పుడైనా ఇంజను ఇన్నాదేటి?" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

ఉండబట్టలేక సాయంత్రం మెకానిక్ రాజు మావయ్య షెడ్డుకు వెళ్ళాను. "నా కాడికొచ్చినప్పుడు ఏ సప్పుడూ లేదమ్మా" అన్నాడాయన. అప్పుడు తట్టింది నాకు. నాన్న ఇంటి నుంచి షెడ్డు దాకా నడుపుకుంటూ వెళ్ళేసరికి ఇంజను వేడెక్కి చప్పుడు పోతుంది. ప్రతిసారీ ఇదే జరుగుతోంది. ఆ మాట చెబితే మావయ్య నాలుక కరుచుకున్నాడు.

"రేపు బేగి మీ ఇంటికే వొచ్చేసి, ఇంజను సల్లగున్నప్పుడే ఇంటాను. నేనొచ్చేదాకా మీ నాన్నని బండి తియ్యనీకు."

లారీ తాళం నా తలగడ కింద ఉంది. నాన్నకు ఇంకా చెప్పలేదు. రేపు పసుపు బస్తాల కోసం ఆయన కొండెక్కాలి.

ఆ చప్పుడు ఆగిపోవాలని నెల్లాళ్ళుగా కోరుకున్నాను. రేపొక్కసారి మాత్రం, మావయ్య చెవిన పడేలా గట్టిగా రావాలి. రాకపోతే నాన్న మళ్ళీ నవ్వి, అదే బండితో ఘాటెక్కేస్తాడు...