నేను వదులుకోని చోటు

అన్నయ్యా,

ఫోన్ చేసి చెప్పొచ్చు, కానీ అమ్మ పక్కనే ఉంటుంది. పైగా ఇలాంటివి నోటితో చెప్పబోతే సగంలోనే మాట మార్చేస్తాను. అందుకే రాస్తున్నాను.

నాన్న పోయాక నిన్నే మొదటిసారి ఆయన షాపు తెరిచాను. రిపేరుకిచ్చిన మోటార్లు తొమ్మిదున్నాయి, ఎవరివి వాళ్ళకు అప్పజెప్పాలి కదా. లోపలంతా వార్నిష్ వాసన. రాగి తీగ సగం చుట్టిన మోటారొకటి బల్లమీద అలాగే ఉంది. వచ్చినవాళ్ళు మోటారు సంగతి పక్కనపెట్టి నాన్న గురించే మాట్లాడారు. సాయంత్రం నాలుగు కొట్టిందంటే ఎంతటివాడు నిలబడి ఉన్నా సరే షట్టరు దించేసి ఆడపిల్లలకు హాకీ నేర్పడానికి పోయేవారని తలుచుకున్నారు. పిండిమిల్లాయనైతే "మీ నాన్న గ్రౌండులో నోరు విప్పితే నవ్వలేక కడుపు చెక్కలయ్యేదమ్మా" అన్నాడు. నాన్నా? నేను ఆడిన రోజుల్లో గ్రౌండులో కూడా ఈల తప్ప ఆయన మాట వినలేదు. కూరలో ఉప్పు లేదని చెప్పడానికి కూడా రెండు ముద్దలు ఆలోచించే మనిషి! మన బూట్లు రోజూ తనే తుడిచి గుమ్మం పక్కన వరసగా పెట్టేవారు, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసి పొద్దస్తమానం కదలకుండా కూర్చునేవారు. అన్నీ చేసేవారు. మాటే ఉండేది కాదు. వాళ్ళు చెబుతున్నదీ మనం చూసిందీ ఒక మనిషినేనా అని అయోమయంగా ఉంది.

అసలు సంగతి ఇది కాదు. మధ్యాహ్నం దర్జీగారమ్మాయి వచ్చింది. నాతోపాటు గోల్‌కీపింగ్ నేర్చుకున్న అమ్మాయే. ఇప్పుడు స్కూల్లో ఆటల టీచరు. వచ్చే ఆదివారం గ్రౌండుకి నాన్న పేరు పెడుతున్నారట, కూతురిగా నేను మాట్లాడాలట. సరేనందామని నోరు తెరిచేలోగా నా చేతులు పట్టుకుని, "ఆ ఫైనల్లో నీ చోటు నాకు వదిలిపెట్టావు. మాస్టారే, మీ నాన్నే చెప్పారు. నేను మరిచిపోలేదు" అంది.

నేను వదిలిపెట్టానా? అన్నయ్యా, నాలుగేళ్ళు ఆ గోల్‌లో నిలబడ్డాను. ఫైనల్‌కి ముందు రోజు సాయంత్రం నాన్న వచ్చి, చెప్పులు విప్పుతూ, నా మొహం చూడకుండా, "రేపు గోల్‌లో దర్జీగారమ్మాయి ఉంటుంది" అన్నారు. అంతే. ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మ్యాచికి పోలేదు. మళ్ళీ ఆ గ్రౌండు తొక్కలేదు. ఈ పందొమ్మిదేళ్ళలో నాన్నా నేనూ హాకీ తప్ప అన్నీ మాట్లాడుకున్నాం.

ఇంట్లో నన్ను కూరలో కరివేపాకులా తీసేసి, బయట నన్ను త్యాగమూర్తిని చేశారా? ఈ ఇద్దరిలో మన నాన్న ఎవరు? రానని ఆమెతో చెప్పేశాను. అప్పట్లో నువ్వు షాపులో ఆయన పక్కనే ఉండేవాడివి. తెలిసింది దాచకు.

నీ చెల్లి


చిట్టీ,

నీ ఉత్తరం చదివాను. తెలుసు. తెలిసీ చెప్పలేదు. నన్ను తిట్టాలంటే తిట్టు.

ఫైనల్‌కి ముందు రోజు నాన్న మోటారుకి తీగ చుడుతూ మూడుసార్లు చుట్ల లెక్క తప్పారు. ఎప్పుడూ తప్పని మనిషి. ఏమైందన్నాను. "గోల్‌లో దర్జీగారమ్మాయి మనమ్మాయి కంటే బాగా ఆడుతోందిరా. కూతురు కదా అని నా కళ్ళని నేనే నమ్మలేదు. నెలంతా చూశాను. ఆ పిల్లే నయం" అన్నారు.

"ఆ మాట దానికి చెప్పండి నాన్నా" అన్నాను.

"చెబుతాను. మ్యాచ్ అవనీ."

గెలిచారు. నీకు గుర్తుందో లేదో, ఆ రోజు నువ్వు గది తలుపేసుకున్నావు. "ఇప్పుడు చెబితే పుండు మీద కారం చల్లినట్టు. కొన్నాళ్ళు పోనీ" అన్నారు. కొన్నాళ్ళు పోయాయి. నాన్న కూడా పోయారు.

నువ్వే వదులుకున్నావని వాళ్ళకి చెప్పిన సంగతి మాత్రం నాకు తెలియదు, ఒట్టు. నీ పరువు కోసమే అయుంటుంది. నాకు తోచింది ఇంతే. నువ్వు బాగా ఆడలేదని కాదు చిట్టీ. ఆమె ఇంకా బాగా ఆడింది.

అన్నయ్య


అన్నయ్యా,

నీ ఉత్తరం ఆఖరి వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను. ఏడుపు రాలేదు. ఆశ్చర్యంగా, కాస్త తేలిగ్గా అనిపించింది. నా వల్ల ఏదో తప్పు జరిగిందని, నాన్నకు నేనంటే ఇష్టం పోయిందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆట తక్కువైందంతే!

రానని చెప్పినదాన్నే, ఆదివారం వెళ్ళాను. మైకు ముందు నిలబడ్డాక రాసుకున్నదేదీ చదవబుద్ధి కాలేదు. "నా చోటు నేను వదులుకోలేదు. నాన్నే నన్ను తీసేశారు. దర్జీగారమ్మాయి నాకంటే బాగా ఆడుతోందని తీసేశారు. అది నాతో చెప్పే ధైర్యం ఆయనకు లేకపోయింది" అన్నాను. పిండిమిల్లాయన తల దించుకున్నాడు. చచ్చిపోయిన మనిషి పరువు తీశానేమోననిపించింది.

దిగి వస్తుంటే దర్జీగారమ్మాయి నా దారికి అడ్డంగా నిలబడింది. మొహం పాలిపోయింది.

"నిజంగా అన్నారా? నేను బాగా ఆడుతున్నానని?"

"నెలంతా చూసి మరీ అన్నారట. మా అన్నయ్య చెవులారా విన్నాడు."

ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది. "మరి నాతో అనలేదేం? ఎక్కడికి పోయినా నాకొకటే గుర్తొచ్చేది, నాది ఒకళ్ళు దయతలచి ఇచ్చిన చోటని. ఆ తర్వాతేడు పెద్ద జట్టు సెలక్షన్‌కి పిలిచారు. పోలేదు. నా బండారం బయటపడుతుందని భయం" అంది. ఉన్నట్టుండి నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది. "అయితే నేనే నయమన్నమాట" అని నాలుగైదుసార్లు అనుకుంది, లెక్క సరిచూసుకుంటున్నట్టు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. "ఒక్క పిల్ల కూడా బాధపడకూడదనుకున్నాడు, మొద్దు మనిషి" అంది అమ్మ. అది తిట్టో ముద్దో అర్థం కాలేదు.

నాన్న మీద కోపం పోయిందా అని అడక్కు. నా కోసం పెట్టుకున్న కోపం పోయింది. ఇప్పుడు దర్జీగారమ్మాయి కోసం కొత్తగా వచ్చింది. అయినా పొద్దున షాపులో ఎవరో "మాస్టారు లేరా?" అని అడిగితే, లేరని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నీ చెల్లి