నీలం చేపా, నేనూ ఇక్కడే

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ ఉప్పునీళ్ల తొట్టెనీ, అందులోని నీలం డామ్‌సెల్ చేపనీ నేనే చూసుకుంటున్నాను. తెలంగాణ ఉద్యమం వేడెక్కిన దగ్గర్నుంచి కాకినాడలో ఉన్న బాబాయి రోజూ ఫోన్ చేస్తున్నాడు. "ఆ చేపని ఎవరికైనా ఇచ్చేసి వచ్చెయ్యమ్మా. అక్కడ మనకింక చోటు లేదు" అంటాడు.

ఇవాళ బంద్. పొద్దున్నే కరెంటు పోయి, నీళ్లలోకి గాలి పంపే మోటారు ఆగిపోయింది. మధ్యాహ్నానికి చేప పైకి తేలి నోరు తెరుస్తోంది. చెంబుతో నీళ్లు ముంచి, ఎత్తు నుంచి మళ్లీ తొట్టెలోకే పోస్తూ కూర్చున్నాను. చేతులు పడిపోయాయి.

అప్పుడే మన ఓనరుగారి అమ్మాయి సుజాత దిల్‌సుఖ్‌నగర్ ధర్నా నుంచి వచ్చింది. నేను మొహం తిప్పుకున్నాను. తను నా చేతిలోని చెంబు లాక్కుంది.

"మా తెలంగాణ మాకు గావాలె. గట్లని అంకుల్ చేప సస్తుంటె సూస్తనా? జర జరుగు."

ఇద్దరం వంతులు వేసుకున్నాం. సాయంత్రం కరెంటు వచ్చేసరికి నిలువునా తడిసిపోయాం. చేప తేరుకుంది. తొట్టెలో రాయి సర్దబోయిన సుజాత వేలు కొరికింది కూడా.

"ఏందే, నన్నే కొరుకుతవా?" అని తను నవ్వింది. మేమిద్దరం కలిసి నవ్వి చాలా రోజులైంది.

అంతలో బాబాయి ఫోన్. "సామాన్లు సర్దావా?"

"లేదు బాబాయ్. రాష్ట్రం వచ్చినా రాకపోయినా నేనీ ఇల్లు ఖాళీ చెయ్యను. మళ్లీ అడగొద్దు."

పక్కనుంచి సుజాత "గట్ల చెప్పు!" అని అరిచింది.

రేపు చంపాపేట్ షాపు తెరవగానే తొట్టెకి ఉప్పు తెస్తాను నాన్నా. పెద్ద సంచే తెస్తాను.