గాలి పట్టిన గది

ఎల్లారెడ్డి

నా బంగారు మనవరాలు వినీతకు అవ్వ దీవెనలు.

ఫోన్ల నీ మాట నా చెవులకు అందదు, అందుకే రాస్తున్న. నీ జాబు కూడబలుక్కుని చదివిన. పొద్దున్నే తలుపేసుకుని గాలి పట్టుకుని కూర్చుంటున్న అని రాసినవు. నా చేతిలో బీడీ ఆకు చేతిలోనే ఉండిపోయింది. ఆరో నెల కడుపు. ఒంటరి గది. గాలి పట్టిన ఆడమనిషిని నేను చూసిన బిడ్డా, తన గొంతు కాక ఇంకో గొంతుతో మాట్లాడేది. నీ మొగుడు చక్రధర్‌కు చెప్పినవా? ఆ గదిలో ఇంకెవరన్నా ఉన్నట్టు అనిపిస్తదా? దాచకుండ రాయి.

నీ మీదనే పాణం పెట్టుకున్న
అవ్వ గంగాబాయి

కామారెడ్డి

ప్రియమైన అవ్వకు,

నవ్వుకున్న. అది దయ్యం గాలి కాదు, ఊపిరి. ప్రాణాయామం. ముట్టు నొప్పికి మంచిదంటే పెండ్లికి ముందు ఫోన్‌లో చూసి నేర్చుకున్న. పొట్ట ఎగరేస్తూ గబగబ ఊపిరి వదిలి, తర్వాత ఓపినంతసేపు బిగబట్టాలి.

కానీ నువ్వు అడిగినవు కనుక రాస్తున్న. ఈ మధ్య నేను బిగబట్టినప్పుడు గదిలో ఇంకో ఊపిరి వినబడుతుంది. నిద్రపోయే మనిషి ఊపిరి లెక్క, బరువుగా, నా చెవి పక్కనే. నేను బిగబట్టే ఉంటా, అది మాత్రం ఆగదు. కండ్లు తెరిస్తే ఎవరూ ఉండరు. అగర్‌బత్తి బూడిదై ఉంటది. నా చెంప మీద చాప అచ్చు. కూర్చున్నదానికి అచ్చు ఎట్లా పడుతుందో తెలియదు.

భయపడకు.

నీ వినీత

ఎల్లారెడ్డి

నా తల్లీ,

భయపడకు అని రాసి భయాన్నే పంపినవు. మనసు నిలవక దవాఖాన నర్సు అనసూయమ్మను అడిగిన. ఆమె నవ్వలేదు. "కడుపుతో ఉన్నోళ్లు ఊపిరి బిగబట్టొద్దు, పొట్ట ఎగరేయొద్దు. మెల్లగ తీసి మెల్లగ విడిస్తే చాలు" అన్నది. ముట్టప్పుడు కూడా ఆ ఎగరేసుడు వద్దంట. డాక్టరమ్మకు చూపించుకోమన్నది. చాప అచ్చు సంగతి చెప్తే ఆమె మొఖం మారింది. ఏందో మెల్లగ అన్నది, నా చెవుల పడలేదు.

మానెయ్ బిడ్డా. గదిలో ఒక్కదానివి ఉండకు. పక్కింటి జన్నత్ బీని తోడు పిలుచుకో.

దిగులుతో
నీ అవ్వ

కామారెడ్డి

అవ్వా,

మానేద్దామనే అనుకున్న. ఆ ఊపిరి ఎవరిదో తెలియక ఉండలేక, జన్నత్ బీని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇంకొక్కసారి బిగబట్టిన. తప్పు చేసిన. ఊపిరి వినబడ్డది. కండ్లు తెరిస్తే నా తల ఆమె ఒడిలో ఉంది. ఎవరొచ్చిండ్రని అడిగిన.

"ఎవ్వరు రాలేదు బేటీ. నువ్వే పక్కకు ఒరిగిపోయినవ్. ఆ ఊపిరి నీదే."

బిగబట్టి కూర్చున్ననని అనుకున్న అవ్వా. రోజూ స్పృహ తప్పి పడుతున్న. పడ్డదాని ఊపిరినే వింటున్న. డాక్టరమ్మ స్కానింగ్ చేసింది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటుంది. ఇక బిగబట్టను.

నీ వినీత

ఎల్లారెడ్డి

చిట్టి తల్లీ,

రోజూ పడుతున్న అన్న కాడ నా ఊపిరి ఆగింది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, బిడ్డ గుండె మాట వచ్చేదాక విడువలేదు. అట్ల బిగబట్టి ఉన్నప్పుడే నాకూ వినబడ్డది. ఫోన్ల నీ మాటే అందని ఈ చెవులకు, పక్కనే, బరువుగా ఒక ఊపిరి.

చెంప తడుముకున్న. అచ్చు లేదు. కూర్చునే ఉన్న. ఇంట్ల ఇంకెవ్వరు లేరు.

నా సంగతి వదిలెయ్. నువ్వు మాత్రం మెల్లగ తీసుకో బిడ్డా, మెల్లగ విడువు.

అవ్వ