తాళం మార్చిన సంగతి

జియాంగ్ పిన్నిగారికి,

తాళం మార్చానని మీకు కోపం వచ్చిందట. "నా ఇంట్లోకి నేను రాకూడదా?" అని మెట్ల మీద అందరి ముందూ అన్నారట. ఇల్లు మీదే, కాదనను. వంటింటి గొట్టం కారుతుంటే మీకు చెప్పడం, బాగుచేసేవాళ్లకి తలుపు తీయడం నా బాధ్యత. కానీ అడగకుండా లోపలికి వచ్చే హక్కు మీకు లేదు పిన్నిగారూ. అద్దె ఒప్పందంలో ఆ మాటకి మనిద్దరం సంతకం పెట్టాం.

మంగళవారం నేను పనిలో ఉండగా మీ దగ్గరున్న తాళంచెవితో వచ్చారు. మతిమరుపు మనిషి మా అమ్మ అప్పుడు స్నానం చేస్తోంది. దొంగలొచ్చారనుకుని తడిబట్టలతోనే వెనక మెట్లు దిగి పారిపోయింది. మీరు గమనించి ఉండరు. వానలో తైనాన్ వీధులన్నీ వెతికాను. చివరికి చేపల బజారులో ఒక బల్ల కింద దొరికింది. "అరవకే, వాళ్లింకా ఇంట్లోనే ఉన్నారు" అంది.

అప్పట్నుంచీ తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి కూర్చుంటోంది. నిద్ర లేదు, తనకీ నాకూ.

ఖాళీ చేయమనకండి. ఆదివారం రండి, గంట కొట్టండి. అమ్మ మెల్లగా వస్తుంది, కాస్త ఆగండి. "ఎవరూ?" అని తను అడగాలి, మీరు పేరు చెప్పాలి, తనే తలుపు తీయాలి. ఆ తర్వాత గొట్టం చూద్దాం.

ఇట్లు,
మీ మూడో అంతస్తు అమ్మాయి