కొత్త గడ్డి ఉన్న చోటు

లోవర్ హట్, ఆదివారం

చిన్నాయనా, ఈ పరాయి దేశంలో మేం ఆలుమగలిద్దరం బాగున్నాం. నేను వేటకు వెళ్తున్నానని విని నీకు కోపం వచ్చిందట. ముప్పై ఏళ్లుగా జన్నారం అడవిలో వేటగాళ్లను పట్టుకుంటున్నవాడివి, రాదా మరి! కానీ ఇది దొంగవేట కాదు. ఇక్కడి జింకలు ఎప్పుడో బయటి దేశాల నుంచి తెచ్చినవి, అడవిలో లేత మొక్కను బతకనివ్వడం లేదు. సర్కారే ఉచితంగా పర్మిట్ ఇస్తుంది. తుపాకీ లైసెన్సు కూడా పరీక్ష రాసి తెచ్చుకున్నాను.

నాలుగు వారాలు నేనూ శశిధరూ కలిసి, అందరూ నడిచే దారిలోనే తిరిగి ఉత్త చేతులతో వచ్చాం. నిన్న నీ మాట గుర్తొచ్చింది: "తొవ్వ ఇడిసిపెట్టు బిడ్డా, కొత్త గడ్డి యాడుందో సూడు." కొత్త గడ్డి మొలిచేది అక్కడే కదా అని మ్యాపులో కొండచరియ విరిగిన చోటు వెతికి, వాగు దాటి, మా వాసన తగలకుండా ఎదురుగాలిలో ఎక్కాం. లేత గడ్డి, తడి ఆరని పెంటికలు, బురదలో గిట్టల గుర్తులు! అంతలో నలభై గజాల దూరంలో కొమ్ముల జింక తలెత్తింది. నేను తుపాకీ ఎత్తేలోపే మా ఆయన "అగో, జింక!" అని అరిచాడు. అంతే, అది మాయం. అయినా నా సంతోషం పట్టలేకపోతున్నాను. ఆ చోటు నేనే కనిపెట్టాను!

తిట్టేది తిట్టు కానీ ఒకటి చెప్పు. బెదిరిన జింక మళ్లీ అక్కడికి ఎన్నాళ్లకు వస్తుంది? చిన్నమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లి సిరి పరీక్షలు ఎలా రాసింది? ఇద్దరినీ అడిగానని చెప్పు.

చోటు పేరు మాత్రం ఇందులో రాయను. పోస్టుకార్డు కదా, దారిలో నలుగురూ చదువుతారు. ఫోన్ చెయ్యి, నీ ఒక్కడికే చెబుతాను.

నీ బిడ్డ,
అక్షర