అప్పగింతల ఫోటో

బావా,

నిన్న మన బిడ్డ పెళ్లయింది. నువ్వుంటే పీటల మీద కూర్చునేవాడివి కాదు, కెమెరా మెళ్లో వేసుకోని నువ్వే ఫోటోలు తీసేవాడివి. నీ బదులు మా అన్న కన్యాదానం చేసినాడు, ఫోటోలకి నెల్లూరు నుంచి ఒకాయన్ని పిలిపించినాడు.

ఫోటో సరిగా రాలేదని ఆ ఫోటోలాయన మన అల్లుడి చేత మూడు ముళ్లూ మళ్లీ వేయించినాడు. "జరిగింది జరిగినట్టే తియ్యాల, ఎవురినీ మళ్లీ చెయ్యమనగూడదు" అనేవాడివే, నాకు ఒళ్లు మండింది.

నువ్వు లేనిదాన్నని అప్పగింతలకి నన్ను ముందుకి రావద్దన్నారు. బిడ్డ ఒప్పుకోలా. దాని చేతులు పాలల్లో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టినా. దాన్ని కావిలించుకోని ఏడ్చినా.

"అక్కా, సముద్రపు గాలికి షామియానా గుడ్డ ఎగిరి కెమెరాకి అడ్డమొచ్చింది. ఇంకోసారి ఏడవండి," అన్నాడాయన.

ఆ కెమెరా లాక్కోని నేలకేసి కొడదామనిపించింది. వియ్యాలవారు చూస్తా ఉండారు. సరేనని మళ్లీ బిడ్డను పట్టుకున్నా. కళ్లలో నీళ్లు రాలా. నిన్ను ఆసుపత్రి నుంచి తెచ్చి అరుగు మీద పండబెట్టిన రోజు తలుచుకున్నా.

"చాలక్కా, బాగా వచ్చింది," అని ఆయన లైటు ఆర్పేసినాడు. బిడ్డ కారెక్కి వెళ్లిపోయింది. నాకు మాత్రం ఏడుపు ఆపడం చేతకాలా, బావా.